సీరియల్ ఇళ్లలో పగలు, దాచిన గుట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో ఒక డాక్యుమెంట్ రైటర్ దగ్గర పదకొండేళ్లుగా దస్తావేజులు టైపు చేస్తున్నాను. పగలంతా అన్నదమ్ముల పంపకాలు, అక్కచెల్లెళ్ల సంతకాలు. రాత్రి ఏడు దాటాక అత్తమ్మ పక్కన కూర్చుంటే టీవీలో మళ్లీ అవే పంపకాలు, కాకపోతే పట్టుచీరలు ఎక్కువ, కన్నీళ్లు ఎక్కువ. రెండు లోకాలూ తెలిసినదాన్నని చుట్టాలు, ఆఫీసుకు వచ్చేవాళ్లు, ఆఖరికి మా సందు చివర బ్లౌజులు కుట్టే అక్క కూడా ఇవే ప్రశ్నలు అడుగుతారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక ఒక్కచోట రాసి పెడుతున్నా. క్రమం ఏమీ లేదు, ఎక్కువమంది అడిగింది ముందు వచ్చింది.

ఒక్క మాట చెప్తే అయిపోయేదాన్ని అన్నేళ్లు ఎట్లా లాగుతారు?

కార్తీక దీపం తీసుకోండి. స్టార్ మాలో 2017 అక్టోబర్‌లో మొదలై 2023 జనవరి దాకా, 1500కు పైగా ఎపిసోడ్లు నడిచింది. దాని ముడి చెప్పాలంటే రెండు ముక్కలు. హీరో డాక్టర్ బాబుకు పిల్లలు పుట్టే యోగం లేదని విలన్ మోనిత అబద్ధపు రిపోర్టుతో నమ్మించింది, దాంతో భార్య దీప కడుపులో ఉన్నది తన బిడ్డ కాదని అతను అనుకున్నాడు. అతనూ డాక్టరే, మోనితా డాక్టరే, చుట్టూ ఊరంతా ల్యాబులే. మా మరిది సీరియల్ చూడడు గానీ బనియన్ మీద అటు నుంచి ఇటు పోతూ రోజూ ఒకటే అనేవాడు, "ఇంకో ల్యాబ్‌కు పోరాదు వాడు?"

పోడు. పోతే కథ అయిపోతుంది, అది నిజమే. కానీ పోకపోవడానికి కథలోనే ఒక కారణం ఉంది, అది మన ఇళ్లలోనూ ఉంది. అనుమానం పట్టిన మొగుడికి రిపోర్టుతో పనిలేదు, తన అనుమానానికి వంత పాడేవాళ్లు పక్కన ఉంటే చాలు. దీపదేమో పంతం, నమ్మకమే లేని చోట రుజువులు పెట్టి ఏం లాభమని. కవలల్లో హిమ తండ్రి ఇంట్లో, శౌర్య తల్లి దగ్గర పెరుగుతుంటే అసలు సంగతి నాయనమ్మ సౌందర్యకు తెలుసు. ఆమె ఎవరికి ఎంత చెప్పాలో కొలిచి చెప్తుంది. వెనకటి ఇళ్లలో బీరువా తాళాల గుత్తి ఎవరి నడుముకు ఉంటే మాట వాళ్లదే నడిచేది కదా, సీరియల్‌లో రహస్యం ఆ గుత్తి లాంటిది. ఇవాళ ఎవరి నడుముకు ఉంది, రేపు ఎవరు లాక్కుంటారు అన్నదాని కోసమే కూర్చుంటాం. నా మట్టుకు నేనైతే రహస్యం బయటపడిన వారంలోనే ఆ సీరియల్ మీద మోజు పోగొట్టుకుంటాను.

తలుపు చాటున నిలబడి సగం విని వెళ్లిపోవడం ఏంటి? మిగతా సగం వినొచ్చు కదా?

గోడలకు చెవులుంటాయని సామెత, సీరియల్‌లో తలుపులకే ఉంటాయి. మొత్తం వింటే నిజం తెలుస్తుంది, ఏమీ వినకపోతే ఏమీ జరగదు, సగం వింటేనే మూడు నెలలు గడుస్తాయి. ఇంకో మాట, సగం విన్నవాళ్లు చాలావరకు అంతకుముందే ఆ మనిషి మీద ఏదో ఒకటి మనసులో పెట్టుకున్నవాళ్లు. విన్న సగం వాళ్ల అనుమానానికి అతుక్కుంటుంది. ఈ లెక్కన చూస్తే అంత తెలివితక్కువ పనేమీ కాదు.

గుట్టు రట్టయ్యే రోజు ముందే తెలుసుకోవచ్చా?

కొంతవరకు. టీవీ చూసేవాళ్ల లెక్కలు తీసే బార్క్ సంస్థ వారం వారం గురువారం రేటింగులు ఇస్తుంది. దేశం మొత్తం మీద 50 వేలకు పైగా ఇళ్లలో వాళ్ల మీటర్లు ఉన్నాయి, ఛానల్ శబ్దంలో మన చెవికి అందని గుర్తు ఒకటి కలిపి పంపిస్తే మీటరు దాన్ని పట్టుకుంటుంది. ఆ అంకెలు పడిపోతే రాసేవాళ్లకు టెన్షన్, వెంటనే ఒక పెళ్లి ఆగిపోతుంది, లేదా ఎవరో మెట్ల మీంచి పడతారు, లేదా పాత రహస్యంలోంచి ఒక చిన్న ముక్క విరిచి పెడతారు. మొత్తం రట్టు చేయరు, ముక్క మాత్రమే. ప్రోమోలో "అంతా తెలిసిపోయింది" అని చూపిస్తే అది కల అయినా అయి ఉంటుంది, లేదా తెలిసిన మనిషి ఆ పూటే స్పృహ తప్పి పడిపోతాడు.

2020 మార్చిలో షూటింగులు ఆగిపోయినప్పుడు మాత్రం ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. జూన్‌లో ప్రభుత్వం అనుమతి ఇచ్చేదాకా పాత ఎపిసోడ్లే తిప్పి తిప్పి వేశారు. అత్తమ్మ ఆ మూడు నెలలూ "ఆ పోరికి నిజం తెల్వకముందే కరోనా వచ్చె" అని బాధపడింది.

అసలు పగ ఎక్కువగా ఎవరి మధ్య నడుస్తుంది?

అత్తాకోడళ్లని అందరూ అనుకుంటారు. ఇప్పుడు బాగా పండేది యారాండ్ల కొట్లాట, పుస్తకాల్లో తోటికోడళ్లంటారు గానీ మా దిక్కు యారాలే. అత్తాకోడళ్లలో ఎవరు తగ్గాలో పెళ్లినాడే రాసిపెట్టి ఉంటుంది. యారాండ్లు ఇద్దరూ బయటి నుంచి వచ్చినవాళ్లే, ఇద్దరికీ ఒకటే వంటిల్లు, ఒకే అత్త. కూరలో ఉప్పు ఎక్కువైందన్న మాట కూడా ఎన్నికల ఫలితం అంత పెద్దదవుతుంది.

గుప్పెడంత మనసు సీరియల్‌లో దేవయాని పెద్ద కోడలు, జగతి చిన్న కోడలు. దేవయాని కత్తి పట్టుకోలేదు, విషం కలపలేదు (కథ మొదట్లో, తర్వాత సంగతి వేరు), చిన్న కోడలి కొడుకును తన కొడుకులాగా చూసుకుంది, అంతే. తల్లి నన్ను వదిలేసి పోయిందన్న కోపం రిషి మనసులో ఆరకుండా చూస్తూ, పెద్దమ్మా అని పిలిపించుకుంది. జగతి రిషి నడిపే కాలేజీలోనే పాఠాలు చెబుతున్నా కొడుకు నోట అమ్మా అన్న మాట రాదు. నేను చూసిన సీరియల్ పగల్లో ఇంత నిమ్మలంగా, ఇంత లోతుగా తీర్చుకున్నది ఇంకోటి లేదు.

గుండె నిండా గుడి గంటలు ఇంకో రకం. ప్రభావతి ముగ్గురు కోడళ్లనూ పుట్టింటి డబ్బుతో తూచుతుంది. పూలు అమ్ముకునే ఇంటి నుంచి వచ్చిన మీనకు చాకిరీ, మలేషియాలో కోటీశ్వరుడైన నాన్న ఉన్నాడని చెప్పుకున్న రోహిణికి మర్యాద. ఆ నాన్న ఉత్త మాట, పైగా రోహిణికి అంతకుముందే పెళ్లై ఒక కొడుకు ఉన్నాడు. రోహిణిని అందరూ తిడతారు గానీ నేను ప్రభావతినే అంటాను. డబ్బున్న కోడలైతేనే గౌరవం అని ఇంట్లో బోర్డు పెట్టినంత పని చేస్తే, లేని నాన్నను పుట్టించుకునే కోడలే వస్తుంది. మా ఆఫీసుకూ వస్తారు ఇట్లాంటివాళ్లు. పెళ్లిచూపుల్లో నాలుగెకరాలు అని చెప్పి, తీరా కాగితాలు తీస్తే ఎకరం ముప్పై గుంటలు, అదీ ఇద్దరన్నదమ్ములది.

మొగవాళ్ల పగలు లేవా అంటే, జెమినీలో 2008 నుంచి 2013 దాకా వచ్చిన మొగలిరేకులు లాంటివి ఉండేవి. ఆర్.కె. నాయుడు వస్తున్నాడంటే మా అన్న ట్యూషన్ ఎగ్గొట్టేవాడు. ఇప్పటి సీరియళ్లలో మొగవాళ్లు సోఫాలో కూర్చుని "అసలేం జరుగుతోంది ఈ ఇంట్లో" అనడానికే ఉన్నారు.

ఖాళీ కాగితం మీద సంతకం పెట్టించుకుంటే ఆస్తంతా పోతుందా?

ఇది నా పొట్టకూటి ప్రశ్న, కొంచెం పొడుగ్గా చెప్తా.

సీరియల్‌లో తాతయ్య మందులు వేసుకునే టైమ్‌కు విలన్ ఫైల్ తెస్తాడు, ఆయన కళ్లజోడు లేకుండా సంతకం పెడతాడు, తెల్లారి బంగళా, కంపెనీ, కార్లు అన్నీ విలన్‌వి. మా దగ్గరికి ఆ కాగితం తెస్తే టీ తాగించి పంపిస్తాం. ఇల్లు, స్థలం లాంటివి అమ్మినా, గిఫ్ట్ ఇచ్చినా రిజిస్ట్రేషన్ కావాలి. సబ్ రిజిస్ట్రార్ ముందు మనిషి స్వయంగా నిలబడాలి, ఫోటో తీస్తారు, వేలిముద్రలు పడతాయి, ఇద్దరు సాక్షులు ఉండాలి. వ్యవసాయ భూమి అయితే మన రాష్ట్రంలో ఆ పని తహసీల్దార్ ఆఫీసులో, 2020 అక్టోబర్ నుంచి ధరణి పోర్టల్‌లో జరిగేది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పేరు ఏదైనా మనిషి లేకుండా పని జరగదు. బెదిరించో మోసం చేసో పెట్టించిన సంతకం అయితే చెల్లదని కోర్టుకు పోవచ్చు. ఇంతెందుకు, ఒక ఆస్తి మీద ఏమేం లావాదేవీలు జరిగాయో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే కనిపిస్తుంది. సీరియల్ మొత్తంలో ఒక్కడూ ఈసీ తీయడు, అదీ నా అసలు బాధ.

వీలునామా వేరే. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రాసిన మనిషి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే సరిపోతుంది. బతికున్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, ఆఖరున రాసిందే నిలబడుతుంది. అందుకే సీరియల్‌లో "పాత విల్లు దొరికింది" అని ఇల్లంతా వణికిపోతుంటే నాకు నవ్వొస్తుంది, కొత్తది ఉంటే పాతది దొరికి ఏం లాభం?

ముసలి తల్లిదండ్రులను ఆస్తి రాయించుకుని బయటికి గెంటేసే సీన్ మాత్రం నిజంగానే జరుగుతుంది, నేను చూశాను. బాగా చూసుకుంటామన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయమని అడిగే హక్కు 2007 నాటి వృద్ధుల పోషణ చట్టంలో ఉంది, 23వ సెక్షన్. ఆర్డీఓ దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవాలి. అయితే ఆ షరతు దస్తావేజులో రాసి ఉంటే పని సులువవుతుంది. రాయించేటప్పుడు "కొడుకే కదా, గదేం రాస్తవ్ బిడ్డా" అని పెద్దవాళ్లే వద్దంటారు. నేను రెండుసార్లు అడుగుతాను, మూడోసారి అడిగితే ఆ కొడుకు నన్ను మోనితను చూసినట్టు చూస్తాడు.

ఆడపిల్లకు ఆస్తిలో హక్కు లేనట్టు చూపిస్తారు, నిజమేనా?

లేదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన వాటా మన దగ్గర ఎన్టీఆర్ హయాంలోనే చట్టమైంది, 1986లో చేసి 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తింపజేశారు. అప్పటికే పెళ్లైపోయినవాళ్లకు రాలేదు. 2005లో దేశమంతటికీ సవరణ వచ్చాక పెళ్లైందా లేదా అన్న తేడా పోయింది, ఆ రోజుకు తండ్రి బతికే ఉండాలన్న నియమం ఏదీ లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంతా అయ్యాక కూడా రాఖీ పండుగకు వచ్చిన చెల్లెలితో హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించడానికి తెచ్చే అన్నలను చూస్తూనే ఉంటాం. సీరియల్ వాళ్లకు ఈ సీన్ ఎందుకు తట్టలేదో.

చనిపోయాడనుకున్న మనిషి తిరిగొస్తే, మధ్యలో జరిగిన పెళ్లి ఏమవుతుంది?

సీరియల్‌లో అయితే ముత్తైదువ బొట్టు, రెండు తాళిబొట్లు, గుడి మెట్లు, ఆరు వారాలు. బయట సంగతి వేరు. ఏడేళ్లపాటు మనిషి జాడ లేకపోతే, బతికుంటే తెలియాల్సినవాళ్లకు కూడా కబురు లేకపోతే, చనిపోయినట్టు అనుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. అట్లా కనిపించకుండా పోయిన భార్య లేదా భర్త నుంచి విడాకులు కూడా తీసుకోవచ్చు. ఇవేవీ లేకుండా భార్య బతికుండగానే ఇంకో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం చెల్లదు, నేరం కూడా, ఏడేళ్ల దాకా జైలు. "ఇద్దరూ అక్కాచెల్లెళ్లలా కలిసి ఉంటారు" అని ఇంటి పెద్ద తీర్పు చెప్తే చెల్లదన్నమాట. చెల్లని పెళ్లిలో పుట్టిన పిల్లలకు మాత్రం ఆ మచ్చ అంటదు, అదే చట్టంలో 16వ సెక్షన్ వాళ్లను సక్రమ సంతానంగానే చూస్తుంది. "అక్రమ సంతానం" అని గొంతు చించుకునే అత్తలు ఈ ముక్క ఒక్కటి చదివితే బాగుండు.

డీఎన్ఏ రిపోర్టు కాంపౌండర్‌కు డబ్బులిచ్చి మార్చేస్తే?

మార్చగలడేమో, కానీ దువ్వెనలో రాలిన వెంట్రుకతో మొదలుపెట్టడమే తప్పు. మామూలు పరీక్షకు కుదురుతో ఊడిన వెంట్రుక కావాలి, అంతకన్నా బుగ్గ లోపల దూదిపుల్లతో తీసింది మేలు. ఇక కోర్టులు అయితే అడిగిన వెంటనే డీఎన్ఏ పరీక్షకు పంపవు. పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే అని చట్టం ముందే అనుకుంటుంది, పాత సాక్ష్య చట్టంలోనూ ఇంతే, 2024 జులై నుంచి వచ్చిన కొత్తదాంట్లోనూ ఇంతే. ఆ సమయంలో ఇద్దరూ కలుసుకునే వీలే లేదని చూపించాలి. బిడ్డ పేరు బజారున పడొద్దని అట్లా పెట్టారు. డాక్టర్ బాబు కోర్టుకు పోయినా అంత తేలిగ్గా పని జరిగేది కాదన్నమాట.

చెప్పిందే చెప్తారు, ఒక్కో ముఖం మూడుసార్లు చూపిస్తారు. ఎందుకు?

దీనికి జవాబు మా అమ్మ దగ్గర దొరికింది. మా అమ్మగారిల్లు కోరుట్ల దిక్కు. అక్కడ సాయంత్రం ఏ ఇంటికి పోయినా ఆడవాళ్ల ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిబట్టలో చుట్టిన తునికాకు. ఆకు మీద రేకు ముక్క పెట్టి, కత్తెరతో దాని కొలతకు కోసి, చిటికెడు తంబాకు పరిచి, రెండు బొటనవేళ్లతో చుట్టి, కొస మడిచి, దారం బిగిస్తే ఒక బీడీ. రోజుకు ఎన్ని వందలైతే అంత కూలి. చేతులు ఆగితే పైసలు ఆగుతాయి, కళ్లు పక్కకు పోతే ఆకు చిరుగుతుంది.

అంటే అమ్మ సీరియల్ చూడదు, వింటుంది. ఇరవై ఏళ్లుగా వింటూనే ఉంది. "ఏంటి రోహిణీ, నువ్వు దాచింది నిజమేనా" అని పేరుతో సహా పిలిచి మాట్లాడితేనే ఎవరు ఎవరితో అంటున్నారో తెలుస్తుంది. "రోహిణి ఇలా ఆలోచిస్తోందా" అని మనసులో మాట పైకి వినిపిస్తేనే ఆమె మొహం ఎట్లా ఉందో తెలుస్తుంది. ఆ ధన్ ధన్ ధన్ మొదటిసారి మోగగానే అమ్మ దారం పళ్లతో తెంపుతుంది, రెండోసారికి తలెత్తుతుంది, మూడోసారికి తెర మీద ముఖం దొరుకుతుంది. ఒక్కసారే మోగిస్తే ఆమెకు ఏమీ దొరకదు. సిటీలో ఫోన్ చూసుకుంటూ సీరియల్‌ను వెక్కిరించేవాళ్లు ఈ లెక్క వేసుకోరు. వంటింట్లో చపాతీ ఒత్తే ఆమెకైనా ఇంతే, అరగంట సీరియల్‌లో యాడ్లు పోను ఇరవై నిమిషాల చిల్లర, అందులో పొయ్యి దగ్గర పది నిమిషాలు పోతాయి.

వేరే భాషలో ముందే చూసి గుట్టు తెలుసుకోవచ్చా?

చాలావాటికి. కార్తీక దీపం మలయాళం కరుత్తముత్తు నుంచి వచ్చింది, వంటలక్కగా, అంటే దీపగా చేసిన ప్రేమీ విశ్వనాథ్ అందులోనూ చేసింది. ఇంటింటి గృహలక్ష్మికి మూలం బెంగాలీ శ్రీమయీ, హిందీ అనుపమకూ అదే. బ్రహ్మముడి బెంగాలీ గాట్‌ఛోరా, గుండె నిండా గుడి గంటలు తమిళ సిరగడిక్క ఆసై. కొంత దూరం పోయాక మనవాళ్లు దారి మారుస్తారు. బెంగాల్‌లో మేనరికాలు ఉండవు, మన దగ్గర "బావ నావాడు" అని చిన్నప్పటి నుంచి కాచుకున్న మరదలు లేని ఇల్లు నమ్మబుద్ధి కాదు. ఆ మరదలు వచ్చిందంటే అసలు కథ ఆర్నెల్లు పక్కకు పోయినట్టే.

మధ్యలో పాత్ర వేసే మనిషి మారిపోతే ఎట్లా?

రెండు రోజులు కొత్త అనిపిస్తుంది, మూడో రోజు అలవాటవుతుంది. మా అత్తమ్మ అయితే "బక్కచిక్కింది పాపం, గన్ని బాధలు పడ్డంక" అని సర్దుకుంది.

పెద్దింటివాళ్లకు ఒక భాష, పనిమనిషికి మన యాస. ఎందుకు?

ఇది అడిగేవాళ్లు ప్రశ్నగా అడగరు, కోపంగా అడుగుతారు. నాకూ కోపమే. బంగళాలో ఉన్నవాళ్లు అచ్చు వార్తలు చదివినట్టు మాట్లాడతారు, డ్రైవర్, వంటమనిషి, వీధి రౌడీ నోరు తెరిస్తే "ఏందన్నా గిట్ల". హీరో హీరోయిన్లలో కన్నడ, మలయాళ అమ్మాయిలు, అబ్బాయిలు చాలామంది, గొంతు డబ్బింగ్‌వాళ్లది, ఎక్కడా తడబడని ఒక రకం తెలుగు వాళ్లకు ఖాయం చేసి పెట్టారు. సరే, ఒప్పుకుంటా. కానీ ఎనుమాముల మార్కెట్లో కోట్ల రూపాయల మిర్చి కొనే సేటు ఏ యాసలో బేరమాడతాడు? హైదరాబాద్‌లో షూటింగ్ చేస్తూ, సెట్ మీద లైట్లు పట్టే పిల్లలు మాట్లాడేది వింటూనే, అమ్మ పాత్రకు "అత్తమ్మా, ఏమైంది, గట్లున్నవేంది" అన్న మాట ఇవ్వడానికి చేతులు రాలేదు చాలా ఏళ్లు. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినంగా చేసుకుంటాం, ఆయన బతికిన ఊళ్లో కూర్చుని ఈ సీరియళ్లు చూస్తుంటే ఇంకా మండుతుంది. సినిమా మారింది, సీరియల్ నిదానంగా వస్తోంది, వచ్చిన చోట మాత్రం యాస పండించడానికి ఇద్దరు ముగ్గురు మంచి నటులు దొరికారు.

సీరియళ్లు చూసి ఇళ్లలో లొల్లులు పెరుగుతాయంటారు, నిజమా?

మా ఇంట్లో జరిగింది చెప్తా, మీరే లెక్క తేల్చుకోండి. మా అత్తమ్మకూ ఆమె యారాలికీ, అంటే మా పెద్దత్తమ్మకూ, ఎన్నో ఏళ్లుగా మాటల్లేవు. ఇద్దరి ఇళ్ల మధ్య ఒకటే గోడ. వాళ్ల అత్తగారు పోయిన రోజు ఆమె మెడలో ఉన్న కంటె ఏమైందో తెలియదు. నువ్వు తీసినవంటే నువ్వు తీసినవని. రాత్రి సీరియల్ రెండిళ్లలోనూ ఒకేసారి మోగుతుంది, దొంగతనం సీన్ వస్తే అత్తమ్మ "పరాయి సొమ్ము మెడలేసుకున్నోళ్లకు గట్లనే అయితది" అని గోడకు వినపడేటట్టు అంటుంది. అవతల టీవీ సౌండ్ పెరుగుతుంది.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు ఒకే బండిలో పోవాల్సి వచ్చింది. ఇద్దరూ చెరో కిటికీ పట్టుకున్నారు, మధ్యలో నేను, ఒళ్లో అమ్మవార్లకు బంగారం కింద ఇచ్చే బెల్లం మూట. తాడ్వాయి దగ్గర బండ్లు ఆగిపోయాయి, గంట గడిచినా కదల్లేదు. పెద్దత్తమ్మ బయటికి చూస్తూ, ఎవరినీ కాదన్నట్టు, "మొన్నటిది చూడకపోతిమి, ఆ మలేషియా పిల్ల దొరికిందో ఏమో" అంది. అత్తమ్మ కాసేపు ఊరుకుంది. తర్వాత "గది దొరుకుతదా, మస్తు హుషారు" అంది. ఇక మొదలైంది, రోహిణి తప్పా, ప్రభావతి తప్పా, ఆ పిలగాని గతి ఏంది, బండి కదిలేదాకా గంటన్నర. కంటె మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఇంటికొచ్చాక మళ్లీ మామూలే, కాకపోతే ఇప్పుడు అప్పుడప్పుడు నాతో కబురు పంపుకుంటారు, "మీ అత్తకు చెప్పు, నిన్నటి ప్రభావతి ముచ్చట నేనన్నట్టే అయింది" అని.

ఎపిసోడ్ టీవీ కన్నా ముందు చూడొచ్చా? మీరు చూస్తారా?

జియోహాట్‌స్టార్‌లో డబ్బు కట్టినవాళ్లకు స్టార్ మా సీరియళ్లు టీవీలో రాకముందే పెడుతుంటారు. చూస్తాను. పొద్దున ఆఫీసుకు పోయే ఆటోలో, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని. రాత్రి అత్తమ్మ పక్కన కూర్చుని ఏమీ తెలియనట్టు "అయ్యో" అంటాను. రెండేళ్లుగా ఇదే నడుస్తోంది, ఇంట్లో ఎవరికీ తెలియదనుకున్నా. మొన్న రోహిణి బ్యాగులో ఫోటో బయటపడుతుందా లేదా అన్న చోట యాడ్ వచ్చింది. అత్తమ్మ రిమోట్ పక్కన పెట్టి, "ఇయ్యాల దొరుకుతదా బిడ్డా?" అని అడిగింది. టీవీ వైపు చూస్తూ అడగలేదు, నా వైపు చూస్తూ అడిగింది.

"ఏమో అత్తమ్మా" అన్నాను.

"సరె తియ్" అని చిక్కుడుకాయల గిన్నె దగ్గరికి జరుపుకుంది.